‘రికార్డ్’ను లైన్ చివర ఎక్కడ విరవాలి, అర్థం ఎలా రాయాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంగ్లీష్‌లో ప్రాజెక్ట్ రిపోర్టులు టైప్ చేసే విద్యార్థులు, డీటీపీ పని చేసేవాళ్లు, పిల్లలతో హోంవర్క్ చేయించే అమ్మానాన్నలు అడిగే సందేహాలివి. పది పదాలు పైపైన చెప్పుకోవడం కన్నా ఒక్కదాన్ని గట్టిగా పట్టుకుంటే మిగతావి వాటంతట అవే దారికొస్తాయి. అందుకే ‘రికార్డ్’ తీసుకున్నాను. ల్యాబ్ రికార్డు మొదలుకొని భూమి రికార్డుల దాకా మనం రోజూ వాడే మాట. ఇంగ్లీష్‌లో దీనికి ఆరు అక్షరాలు: ఆర్, ఈ, సీ, ఓ, ఆర్, డీ. లైన్ చివర పదం పట్టకపోతే ఇంగ్లీష్‌లో దాన్ని రెండు ముక్కలు చేసి, పై ముక్క పక్కన హైఫన్ అనే చిన్న అడ్డగీత (-) పెడతారు. అలా ఎక్కడ విరవాలో చెప్పేటప్పుడు ఈ పేర్లతోనే చెబుతాను.

సూటిగా చెప్పండి, ఎక్కడ విరవాలి?

వాక్యంలో అది నామవాచకమైతే సీ తర్వాత. పై లైన్‌లో ఆర్-ఈ-సీ, దాని పక్కన హైఫన్, కింది లైన్‌లో ఓ-ఆర్-డీ. క్రియ అయితే ఈ తర్వాత. పైన ఆర్-ఈ, హైఫన్, కింద సీ-ఓ-ఆర్-డీ. ‘రికార్డ్ ధర’, ‘రికార్డ్ వర్షపాతం’ లాంటి చోట్ల అది విశేషణం, అయినా విరుపు నామవాచకానికి లాగే.

అంటే హైఫన్ పెట్టే ముందు వాక్యం మొత్తం చదవక తప్పదు. ‘ద వరల్డ్ రికార్డ్’ దగ్గర ఒక చోట విరుగుతుంది, ‘ప్లీజ్ రికార్డ్ దిస్ సాంగ్’ దగ్గర ఇంకో చోట విరుగుతుంది.

ఒకే స్పెల్లింగ్‌కి రెండు విరుపులు ఎందుకు?

పలకడంలో తేడా ఉంది కాబట్టి. నామవాచకంలో ఇంగ్లీష్‌వాళ్లు మొదటి భాగాన్ని నొక్కి పలుకుతారు. అమెరికాలో దాదాపు ‘రెకర్డ్’ అని, బ్రిటన్‌లో ‘రెకాడ్’ అని వినిపిస్తుంది. క్రియలో ఆ నొక్కు రెండో భాగం మీదికి జరుగుతుంది, అప్పుడు ‘రికార్డ్’ అవుతుంది. ఇందులోని ‘కా’ అచ్చంగా మన ‘కా’ కాదు, పెదాలు గుండ్రంగా చేసి ‘కా’కీ ‘కో’కీ మధ్యలో పలికేది.

లైన్ చివర హైఫన్ ఉండేది చదివేవాళ్ల కోసం. పైన మిగిలిన ముక్కను చూసి, కన్ను కింది లైన్‌కి దిగేలోపే మనసు ఆ మాట ఏమిటో ఊహిస్తుంది. పైన ఆర్-ఈ-సీ కనిపిస్తే ‘రెక్’ అని చదువుతాం, కింద మిగతాది చూడగానే నామవాచకం తయారవుతుంది. పైన ఉత్త ఆర్-ఈ కనిపిస్తే ‘రిటర్న్’, ‘రిపీట్’ అలవాటు కొద్దీ ‘రి’ అని చదువుతాం. అది క్రియకు సరిపోతుంది. తారుమారు చేస్తే చదివేవాళ్లు ఒకసారి వెనక్కి వెళ్లి రావాలి. ఆ క్షణం ఆలస్యాన్ని తప్పించడానికే ఈ నియమమంతా.

దీన్నే కాస్త వ్యాకరణంగా చెప్పాలంటే: నొక్కి పలికే పొట్టి అచ్చు తర్వాత ఒకే హల్లు ఉంటే, ఆ హల్లును ఆ అచ్చుతోనే ఉంచాలనేది అమెరికన్ ముద్రణలో స్థిరపడిన పద్ధతి. నొక్కు రెండో భాగానికి జరిగితే హల్లు కూడా దాని వెంటే పోతుంది.

మనం రెండింటికీ ‘రికార్డు’ అనే అంటాం కదా?

అంటాం, తెలుగులో మాట్లాడేటప్పుడు అదే సరైనది. ఆ మాట ఎప్పుడో మనదైపోయింది. ఆఫీసులో రికార్డు రూమ్ ఉంది, రికార్డ్ అసిస్టెంట్ ఉన్నాడు, జాతరలో రికార్డింగ్ డాన్స్ ఉంది. ‘రెకర్డ్ రూమ్’ అంటే ఎవరికీ అర్థం కాదు.

చిక్కు ఎక్కడంటే, మనం తెచ్చుకున్న పలుకుబడి క్రియది, మనం ఎక్కువగా వాడేది నామవాచకంగా. దాంతో చెవికి అలవాటైన ‘రి’ దగ్గరే చెయ్యి కూడా ఆగుతుంది. తెలుగువాళ్లు టైప్ చేసిన ఇంగ్లీష్‌లో నామవాచకం కూడా ఆర్-ఈ దగ్గరే విరగడానికి కారణం ఇదేనని నా నమ్మకం. పైగా తెలుగులో మాటలో ఏ భాగం నొక్కి పలికినా అర్థం మారదు, కాబట్టి ఆ తేడా మన చెవికి తట్టదు. అందుకని చెవిని నమ్ముకోకుండా డిక్షనరీ తెరవడమే మేలు.

డిక్షనరీలో పదం మధ్య కనిపించే చుక్కలు ఏమిటి?

విరవదగ్గ చోట్లు. అమెరికన్ డిక్షనరీల్లో ప్రధాన పదం, అంటే అర్థానికి ముందు ముద్ద అక్షరాల్లో ఉండే మాట, దాని అక్షరాల మధ్య, లైన్‌కి సగం ఎత్తులో చిన్న చుక్క ఉంటుంది. లాంగ్‌మన్ డిక్షనరీలోనూ ఇది కనిపిస్తుంది. అందులో ‘రికార్డ్’కి రెండు వేర్వేరు ఎంట్రీలు ఉంటాయి. నామవాచకంలో చుక్క సీ తర్వాత, క్రియలో ఈ తర్వాత. ఆ రెండు ఎంట్రీలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తే పై సమాధానాలన్నీ కళ్లముందు కనబడతాయి.

ఇక్కడ చాలామంది తికమకపడే సంగతి ఒకటుంది. మెరియమ్-వెబ్‌స్టర్ అనే అమెరికన్ డిక్షనరీలో నామవాచకం చూడండి. ప్రధాన పదంలో చుక్క సీ తర్వాత ఉంటుంది. పక్కనే ఉచ్చారణ చూపించేటప్పుడు మాత్రం ‘రె’ దగ్గర ఆగి, క ధ్వనిని రెండో భాగంలో కలుపుతారు. ఇది అచ్చుతప్పు కాదు. ప్రధాన పదంలోని చుక్క రాతలో విరవడానికి. ఉచ్చారణలోని గీత పలకడానికి. రెండూ ఒకే చోట పడాలని లేదు. సిలబుల్స్, అంటే ఒక్క ఊపులో పలికే ముక్కల లెక్క కావాలంటే ఉచ్చారణ చూడాలి, హైఫన్ కోసమైతే ప్రధాన పదం చూడాలి.

ఉచ్చారణలో పైకి లేచిన చిన్న నిలువు గీత కూడా ఉంటుంది. అది నొక్కి పలికే భాగానికి ముందు వస్తుంది. ఆ భాగం తర్వాత వస్తుందనుకుని చదివితే నామవాచకం క్రియలా, క్రియ నామవాచకంలా అయిపోతాయి.

బ్రిటిష్, అమెరికన్ పద్ధతుల్లో తేడా ఉందా?

ఉంది. అమెరికన్ పద్ధతి పలకడాన్ని బట్టి పోతుంది. బ్రిటిష్ సంప్రదాయం పదం పుట్టుకకూ నిర్మాణానికీ ఎక్కువ విలువ ఇస్తూ వచ్చింది. అందరూ చెప్పే ఉదాహరణ ‘నాలెడ్జ్’. అమెరికాలో ఎల్‌ను పై ముక్కలో ఉంచుతారు. బ్రిటన్‌లో మొదటి నాలుగు అక్షరాలు, అంటే ‘నో’ అనే క్రియ, విడిగా కనపడేలా దాని తర్వాత విరుస్తారు. ‘డెమోక్రసీ’ కూడా అంతే. అమెరికాలో ‘డెమాక్’ దగ్గర విరిగితే, గ్రీకు మూలం చెదరకుండా ‘డెమో’ దగ్గర విరవడం బ్రిటిష్ అలవాటు.

అమెరికన్ పద్ధతి వెనుక ఉన్నది డిక్షనరీలు రాసిన నోవా వెబ్‌స్టర్. ఆయన 1783లో తెచ్చిన స్పెల్లింగ్ పుస్తకం పిల్లలు చదువు నేర్చుకునే వాచకం. అంతకు ముందు పుస్తకాల్లో ‘హ్యాబిట్’ను ‘హా’ దగ్గర విరిచి చూపేవారు. పిల్లలు దాన్ని చూసి ఎలా పలుకుతారన్నది వెబ్‌స్టర్ ప్రశ్న. బీ అనే అక్షరాన్ని ముందుకు తెచ్చి ‘హ్యాబ్’ దగ్గర విరిచాడు. చివర వచ్చే ‘షన్’ను కూడా రెండు ముక్కలుగా కాక ఒకే ముక్కగా చూపించాడు. విరుపు చదువుకి సాయం చేయాలన్న ఆలోచన ఇప్పటికీ సరైనదే అనిపిస్తుంది.

మనం ఏది పాటించాలి? పత్రిక, ప్రచురణకర్త, యూనివర్సిటీ ఏది చెబితే అది. ఎవరూ ఏమీ చెప్పకపోతే ఒక డిక్షనరీ ఎంచుకుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా దాన్నే నమ్ముకోండి.

‘రికార్డ్స్’, ‘రికార్డింగ్’, ‘రికార్డర్’ సంగతి?

‘రికార్డ్స్’లో మళ్లీ అదే పరీక్ష. బహువచన నామవాచకమైతే సీ తర్వాత, ‘షి రికార్డ్స్’ అన్నట్టు క్రియ అయితే ఈ తర్వాత. ‘రికార్డింగ్’, ‘రికార్డర్’ నామవాచకాలే అయినా క్రియ నుంచి పుట్టినవి, నొక్కు రెండో భాగం మీదే ఉంటుంది. కాబట్టి ఈ తర్వాత విరవాలి. ‘రికార్డింగ్’లో డీ తర్వాత కూడా విరవవచ్చు. ‘రికార్డర్’లో డీ తర్వాత చుక్క ఉంటుంది గానీ కింది లైన్‌కి రెండే అక్షరాలు పోతాయి. అలా చేయకపోవడమే అందం.

ఇలా రెండు రకాలుగా విరిగే పదాలు ఇంకేమున్నాయి?

‘ప్రెజెంట్’ అంటే బహుమతి లేదా వర్తమానం, ‘ప్రిజెంట్’ అంటే సమర్పించడం. ‘ప్రాజెక్ట్’ నామవాచకం, ‘ప్రజెక్ట్’ క్రియ. ‘రెబెల్’ తిరుగుబాటుదారు, ‘రిబెల్’ తిరగబడటం. ‘డెజర్ట్’ ఎడారి, ‘డిజర్ట్’ వదిలేసి పోవడం. ‘రెఫ్యూజ్’ చెత్త, ‘రిఫ్యూజ్’ నిరాకరించడం. ‘ప్రోగ్రెస్’ కూడా ఈ జాబితాలోదే. ‘మినిట్’ నిమిషం అయితే ఒకలా, ‘మైన్యూట్’ అతి సూక్ష్మం అయితే ఇంకోలా విరుగుతుంది. నామవాచకంలో హల్లు పై ముక్కలో ఉంటుంది, రెండోదాంట్లో కింది ముక్కకి పోతుంది.

‘ఇంపోర్ట్’, ‘పర్మిట్’, ‘కండక్ట్’, ‘ఆబ్జెక్ట్’ పదాల్లో కూడా నొక్కు ఇలాగే జరుగుతుంది, కానీ విరుపు మారదు. వాటిలో రెండు అచ్చుల మధ్య రెండు హల్లులున్నాయి, ఒకటి పైన, ఒకటి కింద ఎలాగూ ఉంటాయి. ‘రిపోర్ట్’, ‘సపోర్ట్’, ‘రెస్పెక్ట్’ పదాల్లో అసలు నొక్కే మారదు. నామవాచకమైనా క్రియ అయినా రెండో భాగం మీదే.

గుర్తుంచుకోవాల్సిన రూల్స్ ఏమైనా?

కొన్నే ఉన్నాయి. ఒకే సిలబుల్ ఉన్న పదాన్ని ఎంత పొడవున్నా విరవకూడదు. ‘స్ట్రెంగ్త్స్’లో తొమ్మిది అక్షరాలున్నాయి, అయినా అది ఒక్కటే దెబ్బ. ‘వాక్డ్’ కూడా అంతే. పై లైన్‌లో ఒంటరి అక్షరం మిగల్చకూడదు, అందుకే ‘అబౌట్’ విరగదు. కింది లైన్‌కి కనీసం మూడు అక్షరాలైనా పోవాలి. ‘మదర్-ఇన్-లా’ లాంటి పదాన్ని ఉన్న హైఫన్ దగ్గరే విరవాలి, కొత్తది చేర్చకూడదు. ‘రన్నింగ్’లో జంట ఎన్‌ల మధ్య విరవాలి గానీ ‘కాలింగ్’లో రెండు ఎల్‌లూ పైనే ఉండాలి. ఎందుకంటే అసలు మాటలోనే రెండు ఎల్‌లున్నాయి.

రూల్ ప్రకారం సరైనదైనా కంటికి అడ్డొచ్చే విరుపులుంటాయి. ‘లెజెండ్’ను డిక్షనరీ జీ తర్వాతే విరుస్తుంది. పైన ‘కాలు’ అనే అర్థమున్న మాట నిలబడిపోతుంది. అలాంటి చోట వాక్యంలో ఒక మాట అటూఇటూ మార్చి పదాన్ని విరవకుండా దాటేయడమే మంచి పని.

కంప్యూటరే విరుస్తుంది కదా, ఇవన్నీ మనకెందుకు?

చాలావరకు బాగానే విరుస్తుంది. దీని వెనుక చక్కని కథ ఉంది. కంప్యూటర్ శాస్త్రవేత్త డొనాల్డ్ కనూత్ తయారు చేసిన టెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ కోసం స్టాన్‌ఫర్డ్‌లో ఆయన విద్యార్థి ఫ్రాంక్ లియాంగ్ విరుపు పద్ధతిని కనిపెట్టాడు. 1983లో వచ్చిన ఆయన పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం విషయమే ఇది. దాని పేరు కూడా హైఫన్లతో విరిచే ముద్రించారు. డిక్షనరీ అంతా మోసుకెళ్లకుండా, ఏ అక్షరాల గుంపు దగ్గర విరవచ్చు, ఎక్కడ కూడదు అని సుమారు నాలుగున్నర వేల నమూనాలు తయారు చేశాడు. డిక్షనరీలో ఉన్న హైఫన్లలో 89 శాతాన్ని అవి పట్టుకోగలిగాయి. మిగిలిన వాటిని వదిలేస్తుంది తప్ప తప్పుగా విరవడం బహు అరుదు.

నమూనాలకు లొంగని 14 పదాలకు టెక్‌లో విడిగా ఒక జాబితా ఉంది. ‘ప్రెజెంట్’, ‘ప్రాజెక్ట్’ వాటి బహువచనాలతో సహా అందులో ఉన్నాయి. వాటికి ఇచ్చిన ఆదేశం: అసలు విరవొద్దు. నామవాచకమో క్రియో ఆ సాఫ్ట్‌వేర్‌కు తెలియదు, అందుకని జోలికి పోకుండా ఊరుకుంటుంది. వాక్యం అర్థమయ్యేది మనకే కాబట్టి ఈ రకం పదాలను ప్రూఫులో మనమే చూసుకోవాలి.

వర్డ్‌లో హైఫన్ ఎలా పెట్టాలి?

లేఅవుట్ ట్యాబ్‌లో హైఫనేషన్ అని ఉంటుంది, ఆటోమేటిక్ ఎంచుకుంటే చాలు. ఆ పేరాకి భాష ఇంగ్లీష్ అని సెట్ అయి ఉందో లేదో ముందు చూడండి. ఒక్క పదాన్నే ఫలానా చోట విరవాలనుకుంటే కర్సర్ అక్కడ పెట్టి కంట్రోల్ పట్టుకుని హైఫన్ నొక్కండి. అది అవసరమైనప్పుడే కనిపించే హైఫన్. పదం లైన్ మధ్యకి జరిగితే మాయమవుతుంది.

మామూలు హైఫన్ కొట్టి ఎంటర్ నొక్కే అలవాటు మాత్రం వద్దు. తర్వాత ఒక వాక్యం చేర్చగానే లైన్లన్నీ జరిగి, హైఫన్ పదం మధ్యలో అనాథలా మిగిలిపోతుంది. పుస్తకం డీటీపీలో దీన్ని ఏరేసరికి ప్రాణం పోతుంది.

ఎడమవైపు మాత్రమే సమానంగా ఉండే మామూలు పేజీలకు, రెజ్యూమెలకు, హెడ్డింగులకు హైఫనేషన్ అక్కర్లేదు. రెండు వైపులా సమానంగా తీర్చిన సన్నని కాలమ్‌లలోనే దాని అవసరం ఎక్కువ. లేకపోతే మాటల మధ్య తెల్లని ఖాళీలు తేలతాయి. యూరప్‌లో అచ్చు పనికి ఆద్యుడైన గుటెన్‌బర్గ్ కూడా 1455 ప్రాంతంలో తన బైబిల్‌ను అచ్చు వేసినప్పుడు లైన్ల చివర రెండు ఏటవాలు గీతలతో హైఫన్లు పెట్టాడు.

తెలుగులో ఈ గొడవ ఎందుకు లేదు?

మన రాతలో హల్లూ అచ్చూ కలిసి ఒకే అక్షరమవుతాయి, ఒత్తులు కూడా దానికే అతుక్కుని ఉంటాయి. ఏ అక్షరం దగ్గర విరిచినా ముందు ముక్క ఎలా పలకాలో మారదు. ‘రికార్డు’ను రి, కా, ర్డు అని విడదీస్తాం. నోటితో పలికేటప్పుడు ‘కార్’ అని ఆగి ‘డు’ అంటాం, రాతలో మాత్రం ‘ర్డు’ను చీల్చం. నోట్‌బుక్‌లో లైన్ అయిపోతే హైఫన్ లేకుండానే మిగతా అక్షరాలు కింద రాసేస్తాం, ఎవరూ తప్పు పట్టరు. ఆ అలవాటునే ఇంగ్లీష్‌లోకి తీసుకెళ్లడం దగ్గరే ఇబ్బంది మొదలవుతుంది.

లైన్ చివరి హైఫన్, పదంలో ఉండే హైఫన్ ఒకటేనా?

గుర్తు ఒకటే, పని వేరు. లైన్ చివరిది తాత్కాలికం, పదంలోది స్పెల్లింగ్‌లో భాగం. క్రీడావార్తల్లో ‘రిజైన్’ అంటే రాజీనామా. అదే ఆర్-ఈ తర్వాత హైఫన్ ఉంటే ‘రీ-సైన్’, అంటే మళ్లీ సంతకం చేసి జట్టులో కొనసాగడం. పూర్తిగా ఎదురు అర్థం. కాబట్టి ‘రిజైన్’ను లైన్ చివర విరవకండి. ‘రికవర్’, ‘రీ-కవర్’ విషయంలోనూ ఇదే జాగ్రత్త.

‘ఆఫ్ ది రికార్డ్’ అన్నది కూడా ఇలాంటిదే. ‘హి స్పోక్ ఆఫ్ ది రికార్డ్’ అన్నట్టు వాక్యం చివర వస్తే హైఫన్లు అక్కర్లేదు. ‘ఆఫ్-ది-రికార్డ్ కామెంట్’ అని నామవాచకానికి ముందు వస్తే హైఫన్లతో కలిపి రాయాలి. ‘రికార్డ్-బ్రేకింగ్’కి ఎప్పుడూ హైఫన్ ఉంటుంది.

ఇప్పుడు అర్థం సంగతి. ‘రికార్డ్’ను ఎలా నిర్వచించాలి?

ముందు ఏ రకం వస్తువో చెప్పి, తర్వాత ఆ రకంలో మిగతావాటి నుంచి దాన్ని వేరు చేసేది చెప్పాలి. నామవాచకం ప్రధానార్థాన్ని నేనైతే ఇలా రాస్తాను: ‘జరిగినదాన్ని తర్వాత చూసుకునే వీలుండేలా రాసి గానీ మరో విధంగా గానీ భద్రపరచినది’. ఇందులో ‘తర్వాత చూసుకునే వీలు’ అన్నది కీలకం. అది తీసేస్తే చిత్తుకాగితం మీద గీసిన లెక్క కూడా రికార్డే అయిపోతుంది. ల్యాబ్ రికార్డు, అడంగల్, పహాణీ అన్నీ ఈ నిర్వచనంలో ఇముడుతాయి.

మిగతా అర్థాలను విడివిడిగా రాయాలి. పోటీలో గానీ లెక్కల్లో గానీ అప్పటిదాకా దాటని స్థాయి ఒకటి. ‘అత్యుత్తమం’ అని రాస్తే చాలదు, రికార్డు చలి కూడా ఉంటుంది. శబ్దాన్ని సన్నని గాడిగా చెక్కిన గుండ్రని పళ్లెం ఇంకొకటి. ఒక మనిషి గానీ సంస్థ గానీ ఇంతకుముందు చేసినవాటి చరిత్ర మరొకటి. డేటాబేస్‌లో ఒక్కరికి చెందిన వివరాలన్నీ కలిసిన వరస కూడా రికార్డే. క్రియకి ‘రాసిపెట్టడం’, ‘శబ్దాన్ని లేదా దృశ్యాన్ని యంత్రంలో పట్టి ఉంచడం’, ‘పరికరం కొలతను చూపించడం’ అని మూడు చాలు.

నిర్వచనం కుదిరిందో లేదో చూడటానికి సులువైన పరీక్ష: పదం తీసేసి దాని చోట నిర్వచనం పెట్టి వాక్యం చదవండి. వాక్యం సాగదీసినట్టున్నా అర్థం నిలిస్తే సరే. ఇంకో సంగతి, ‘రికార్డ్ అంటే రికార్డ్ చేయబడినది’ లాంటివి రాయకండి. క్రియ తెలియనివాడికి అది ఏమీ చెప్పదు.

‘నమోదు’, ‘దస్త్రం’ అని రాస్తే చాలదా?

అవి సమానార్థకాలు. పదం తెలిసినవాళ్లకు పనికొస్తాయి, నిర్వచనం మాత్రం కావు. గ్రామఫోన్ రికార్డును ‘నమోదు’ అనలేం, పరుగు పందెంలో రికార్డును ‘దస్త్రం’ అనలేం. ఏ వాక్యానికి ఏ మాట అతుకుతుందో పక్కన ఉదాహరణ రాస్తేనే ఆ జాబితాకి విలువ.

ఈ పదం మూలం తెలిస్తే అర్థాలు దగ్గరవుతాయి. లాటిన్‌లో ‘గుర్తు చేసుకోవడం’ అనే క్రియ పాత ఫ్రెంచ్ మీదుగా ఇంగ్లీష్‌లోకి వచ్చింది. దాని లోపల ఉన్నది ‘కోర్’, అంటే హృదయం. మళ్లీ హృదయానికి తెచ్చుకోవడం. పళ్లెం, పరుగు, పహాణీ ఒకే మాట కింద ఎలా చేరాయో అక్కడ తెలుస్తుంది.

డిక్షనరీలో మొదట ఉన్న అర్థమే ముఖ్యమా?

డిక్షనరీని బట్టి. మెరియమ్-వెబ్‌స్టర్ అర్థాలను చరిత్ర క్రమంలో పెడుతుంది, పాతది ముందు వస్తుంది. విద్యార్థుల డిక్షనరీలు ఎక్కువ వాడుకలో ఉన్నదాన్ని ముందు పెడతాయి. 1978లో వచ్చిన లాంగ్‌మన్ డిక్షనరీ సుమారు 2,000 తేలిక పదాలతోనే నిర్వచనాలన్నీ రాసింది. 1987 నాటి కోబిల్డ్ డిక్షనరీ నిర్వచనాన్నే పూర్తి వాక్యంగా చెప్పింది. బడి పిల్లలకు ఈ రెండు పద్ధతులే బాగా ఉపయోగపడతాయి.

పరీక్షలో చేత్తో రాసేటప్పుడు ఏం చేయాలి?

విరవొద్దు. లైన్‌లో చోటు చాలదనిపిస్తే పదం మొత్తం కింద రాయండి, కుడివైపు కాస్త ఖాళీ మిగిలినా మార్కులు పోవు. ‘డిఫైన్’ అని అడిగితే ఏ రకం పదమో ముందు రాసి, తర్వాత ఒక వాక్యం నిర్వచనం, దాని కింద ఒక ఉదాహరణ రాయండి.